బియ్యం బస్తా వేరు, గ్యాస్ బండ వేరు

సంపాదకులు గారికి నమస్కారం.

గత వారం మీ ఉత్తరాల పేజీలో అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉండే ఒక రిటైర్డు ఉద్యోగి గారు, వాళ్ల కమిటీ పెద్ద కూడా, గ్యాస్ డెలివరీ వాళ్ల మీద రాసిన ఉత్తరం చదివాను. రశీదులో ఉన్న ధర కంటే 50 రూపాయలు ఎక్కువ అడుగుతున్నారని, ఇవ్వకపోతే మొహం మాడ్చుకుని పోతున్నారని, అధికారులు చర్య తీసుకోవాలని రాశారు. అంతవరకు నాకు పేచీ లేదు. ఇంటికి తెచ్చి ఇచ్చే చార్జీ రశీదు ధరలోనే కలిసి ఉంటుంది. పైన ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు. అడగడం తప్పే. పంతొమ్మిదేళ్లు బండలు మోసినవాణ్ణి నేనే చెబుతున్నాను. నేనూ అడిగాను, ఇచ్చినవాళ్ల దగ్గర తీసుకున్నాను.

ఆయన చివర్లో రాసిన మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. "మోసేది ముప్పై కిలోలే కదా, మేము నెలనెలా పాతిక కిలోల బియ్యం బస్తా మేమే తెచ్చుకోవడం లేదా, దానికే ఇంత బెట్టా?" అన్నారు. కావాలని అన్నారనుకోను. తెలియక రాసి ఉంటారు. తెలిసేలా చెప్పేవాళ్లు కూడా ఎవరూ ఉండరు కాబట్టి నేనే రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైతే ఎక్కడైనా కత్తిరించుకోండి. వంటింటి సంగతి మాత్రం తీసేయకండి.

బియ్యం బస్తా భుజం మీద పడగానే ఒదుగుతుంది. మెడ ఎటుంటే అటు సర్దుకుని, బరువంతా వీపు మీద పరుచుకుంటుంది. గ్యాస్ బండ ఒదగదు. ఇనుము కదా. గుండ్రంగా ఉంటుంది కాబట్టి భుజానికి ఆనేది నాలుగు వేళ్ల వెడల్పే, మొత్తం బరువు ఆ నాలుగు వేళ్ల మేర మీదే. తువ్వాలు మడతలు పెట్టి చుట్టకుదురులా వేసుకున్నా అరగంటకు చెమటకి తడిసి పలచబడిపోతుంది. పైగా లోపలున్నది గాలి కాదు. బండలో గ్యాసు నీళ్లలాగే ఉంటుంది. మీరు మెట్టెక్కితే అదీ లోపల కదులుతుంది. కుడికి తూలితే అదీ కుడికే వస్తుంది, ఎడమకి తూలితే ఎడమకే. బియ్యం బస్తా మిమ్మల్ని తొయ్యదు, ఇది తోస్తుంది.

బరువు సంగతి కూడా చూడండి. పైన చేత్తో పట్టుకునే రింగు కింద మూడు పట్టీలు ఉంటాయి. ఒక పట్టీ మీద ఖాళీ బండ బరువు రాసి ఉంటుంది, 15.3 అనో 15.9 అనో. దానికి గ్యాసు 14.2 కిలోలు కలుపుకోండి. అదీ లెక్క. ఇంకో పట్టీ లోపలివైపు ఏ, బీ, సీ, డీలలో ఒక అక్షరం, పక్కన ఏడాది ఉంటాయి. ఆ బండను మళ్లీ పరీక్ష చేయించాల్సిన గడువు అది. ఏ అంటే మార్చి ఆఖరు, బీ అంటే జూన్, సీ సెప్టెంబరు, డీ డిసెంబరు. ఇనుము ఎంతకాలం ఓర్చుకుంటుందో చూసే పద్ధతి ఉందన్నమాట. పంతొమ్మిదేళ్లలో నా నడుం ఎలా ఉందని ఒక్కసారి కూడా ఎవరూ పరీక్ష చేయించలేదు.

హోటళ్లకి వేసేది 19 కిలోల బండ. ఇనుముతో కలిపితే 36, 37 కిలోలు దాటుతుంది. హోటల్ వాళ్లు దాన్ని పెట్టుకునేది ఎప్పుడూ వెనక సందులోనే. నూనె జిడ్డు, గిన్నెలు కడిగిన నీళ్లు. దాని గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది, వదిలేస్తున్నాను.

నాది విజయవాడ. మా ఊరిని బస్సులోంచి, రైల్లోంచి చూసినవాళ్లకి కొండల మీద గూళ్లలాగా పేర్చినట్టున్న ఇళ్లు గుర్తుంటాయి. చిట్టినగర్, కొత్తపేట, విద్యాధరపురం, మొగల్రాజపురం, గుణదల, ఎటు చూసినా కొండే, కొండ నిండా ఇళ్లే. 2024 ఆగస్టు ఆఖర్లో మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడి జనం చనిపోయినప్పుడు ఈ కొండ ఇళ్ల గురించి పేపర్లన్నీ రాశాయి. ఆ ఇళ్లలోనూ వండుకుంటారు. 1999లో దీపం పథకం వచ్చాక డ్వాక్రా అక్కలకి కనెక్షన్లు ఇచ్చారు, కొండ మీద కట్టెల పొయ్యిలు తగ్గాయి. తర్వాత ఉజ్వల వచ్చింది. 2024 దీపావళి నుంచి ఏడాదికి మూడు బండలు ఉచితం అన్నారు. అన్నీ మంచివే, మా అమ్మ కళ్లు పొగకి ఎలా అయ్యాయో నాకు తెలుసు. కాకపోతే పథకం ప్రకటించినప్పుడల్లా ఆ బండలు కొండెక్కేది ఎవరి భుజం మీదో ఎవరూ అడగరు.

పదకొండేళ్లు నాది చిట్టినగర్ వైపు కొండ లైను. పై వరసలో ఒక ముసలమ్మ గారి ఇంటికి 186 మెట్లు. నేనే లెక్కపెట్టుకున్నాను, ఊరికే, మనసు బరువు మీదకి పోకుండా. అవి మీ అపార్టుమెంటు మెట్లలాంటివి కావు. ఒకటి జానెడుంటే ఇంకోటి మోకాలి ఎత్తుంటుంది. ఎవరి గుమ్మం ముందు వాళ్లు కట్టుకున్నవి. పక్కనే కాలవ. వర్షాకాలం పాచి పడుతుంది. ఎదురుగా బిందె ఎత్తుకుని ఎవరైనా వస్తే గోడకి అతుక్కుని నిలబడాలి. సగం దూరంలో చిన్న అమ్మవారి గుడి ఉంది, దానికి అరుగుంది. కొత్త కుర్రాళ్లు అక్కడ బండ దించి సేద తీరతారు. మాలాంటి పాతవాళ్లం దించం. దించితే మళ్లీ ఎత్తాలి, నడుం పోయేది ఎత్తేటప్పుడే. అందుకని బండని గోడకి ఆనించి, భుజం మీదినుంచి తియ్యకుండా, నిలబడే ఊపిరి తీసుకుంటాం. మేలో మా ఊళ్లో 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. బండ ఆటోలో ఎండకి గంట నానితే దాని పై రింగు చేత్తో పట్టుకోలేరు.

పైకి 30 కిలోలు, దిగేటప్పుడు ఖాళీ బండ 15. దిగేటప్పుడు తేలికే కదా అనుకుంటారు. మోకాళ్లని అడగండి. మా వాళ్లలో మోకాళ్లు అరిగిన ప్రతివాడూ దిగడమే కష్టమంటాడు.

మామూలు రోజు 35 నుంచి 40 బండలు. పండగ ముందు ఇంకా ఎక్కువ. 40 బండలంటే 1200 కిలోలు వెళ్లడం, 600 కిలోలు రావడం. అది కూడా బండని ఒక్కసారే ఎత్తితే. గోడౌన్‌లోంచి ఆటోలోకి ఒకసారి, ఆటోలోంచి భుజానికి ఒకసారి, భుజం మీంచి నేలకి ఒకసారి. పొద్దున్నే కంపెనీ లోడు లారీ వస్తే 300 పైచిలుకు బండలు దించేది కూడా మేమే, వేరే హమాలీలు ఉండరు. రెండు బండల మధ్య వేలు పడడం ఎలా ఉంటుందో లారీ దించినవాడికే తెలుసు. నా ఎడమ చేతి చూపుడు వేలు గోరు రెండుసార్లు ఊడింది. రెండోసారి వచ్చిన గోరు వంకరగా వచ్చింది.

ఇప్పుడు 50 రూపాయల సంగతి. మాకు జీతం బండ లెక్కన. గోడౌన్ పక్కనున్న టీ కొట్టుకి వేసిన బండకీ, 186 మెట్లు ఎక్కిన బండకీ ఒకటే రేటు. గంటలో కింద లైను వాడు ఎనిమిది బండలు వేస్తాడు, కొండ లైను వాడు మూడు వేస్తాడు. అందుకే కొండ లైను ఎప్పుడూ కొత్తగా చేరిన కుర్రాడి నెత్తినే పడుతుంది, వాడు ఆరు నెలల్లో మానేసి ఫుడ్ డెలివరీకి పోతాడు. నేను మానలేదు, అది నా తెలివితక్కువతనం. మరి కొండ మీద వాళ్లు? వాళ్లు చెయ్యి చాచకముందే 50 చేతిలో పెడతారు. ఎందుకంటే మా వాడు రాకపోతే కింద మెట్ల దగ్గర దించిన బండని పైకి తెచ్చుకునేది వాళ్లింట్లో ఆడమనిషే. కడుపుతో ఉన్న అమ్మాయి బండని మెట్టుమెట్టుకీ దొర్లించుకుంటూ ఎక్కడం నా కళ్లతో చూశాను. కాబట్టి ఉత్తరం రాసిన పెద్దాయన గారూ, ఆ 50 రూపాయలు మెట్ల కూలి. కంపెనీ లెక్కలో మెట్లు లేవు, అందుకని గుమ్మం దగ్గర వసూలవుతోంది. మీది మూడో అంతస్తే అయినా ఆ అలవాటు కొండ మీంచి మీ దాకా దిగొచ్చింది.

అపార్టుమెంట్లలో లిఫ్టులు ఉంటాయి కదా అనొచ్చు. ఉంటాయి. "డెలివరీ బాయ్స్ మెట్లు వాడవలెను" అని బోర్డు కూడా ఉంటుంది. వాచ్‌మన్ అన్నని తప్పు పట్టను, అతనికి కమిటీ వాళ్లు చెప్పింది అదే. లిఫ్టులో నేల గీతలు పడుతుందట. నాలుగు అంతస్తులు ఎక్కి బెల్లు కొడితే లోపల్నుంచి "ఒక్క నిమిషం బాబూ" అంటారు. తర్వాత ఓటీపీ. గుర్తింపు నంబరు చెబితేగాని డెలివరీ పడదు. ఫోను అయ్యగారి దగ్గర, అయ్యగారు ఆఫీసులో. అమ్మగారు ఆయనకి ఫోన్ చేస్తారు, ఆయన మీటింగులో ఉంటారు. బండ భుజం మీదే ఉంటుంది. దించమంటారా అంటే, "గుమ్మంలో వద్దు బాబూ, ముగ్గేశాం" అంటారు. పంతొమ్మిదేళ్లలో నేను ఎక్కువ తిట్టుకున్నది మెట్లని కాదు, ఆ ఒక్క నిమిషాన్ని.

ఇక వంటిల్లు.

మాకు ఒకసారి బూట్లు ఇచ్చారు. ముందు ఇనుప టోపీ ఉన్న సేఫ్టీ బూట్లు. బండ కాలి మీద పడ్డా వేలు చితకదు. ఎక్కడో ఎవరో బాగా ఆలోచించి కొన్నారు. కానీ మన ఇళ్లలో చెప్పులేసుకుని వంటింట్లోకి ఎవరు రానిస్తారు? పక్కనే దేవుడి గూడు ఉంటుంది. ఇంటింటికీ లేసు విప్పి, బండ దింపి, మళ్లీ కట్టుకుంటే రోజుకి పది బండలు కూడా వెయ్యలేం. వారం తిరగ్గానే అందరం హవాయి చెప్పుల్లోకి వచ్చేశాం. గుమ్మం దగ్గర విదిలిస్తే ఊడిపోతాయి. అంటే బండ నేలకి దిగే చోట, కాలికి అసలు ప్రమాదం ఉన్న చోట, మేము వట్టి కాళ్లతో ఉంటాం. మా గోడౌన్‌లో కాలి బొటనవేలు గోరు నల్లబడని మనిషి లేడు. బూట్లు కొన్నవాళ్లు ఒక్క ఇంటికి మా వెనకాల వచ్చి చూసి ఉంటే బూట్లకి బదులు ఇంకేదైనా కొనేవాళ్లు.

నా నడుం కొండ మీద పోలేదు. మూడో అంతస్తులో, శుభ్రమైన వంటింట్లో పోయింది. నాలుగేళ్ల కిందట, కార్తీక సోమవారం. ఆ అమ్మగారు ఇల్లంతా కడుక్కుని, తడిబట్ట పెట్టి ఉన్నారు. నేల మీద ఇంకా తేమ ఉంది. వట్టి కాళ్లతో వెళ్లాను. బండ పెట్టాల్సింది గట్టు కింద అరలో. మామూలుగా బండని భుజం మీంచి తొడ మీదకి జార్చి, మోకాలు వంచి, నేలకి దించుతాం. దానికి మనిషి చుట్టూ ఒక మూర జాగా కావాలి. అక్కడ ఒక పక్క ఫ్రిజ్, ఒక పక్క పిండి డబ్బాలు. "కొత్త టైల్స్ బాబూ, కాస్త మెల్లగా" అన్నారావిడ. టైలుకి తగలకుండా ఉండాలని, కాళ్లు అక్కడే ఉంచి నడుం ఒక్కటే పక్కకి తిప్పి దించబోయాను. ఎడమ కాలు అంగుళం జారింది, అంతే. లోపల టప్‌మంది. తడి తాడు తెగినట్టు.

అప్పుడు బండని వదిలేసి ఉంటే నా నడుం ఎంతో కొంత మిగిలేదేమో. వదల్లేదు. ధైర్యమేం కాదు. టైలు పగిలితే డబ్బులు నా లెక్కలో కోస్తారు, అంతకుముందు ఒకతనికి కోశారు. ఆ సంగతి చేతులకి గుర్తుంది. బండని టైలు మీద దూదిలాగా దించి, దాని పక్కనే నేనూ పడిపోయాను. పడ్డాక లేవలేకపోయాను. కుడి కాలు నాది కానట్టుంది. ఆ అమ్మగారు పాపం హడలిపోయారు. ఫ్యాను వేశారు, మజ్జిగ తెచ్చారు, కిందకి వెళ్లి మా ఆటో డ్రైవరుని పిలుచుకొచ్చారు. వాళ్లాయన ఫోన్లో "ముందు ఆ ఓటీపీ చెప్పెయ్, లేకపోతే మళ్లీ బుక్ చెయ్యాలి" అంటున్నాడు. నాకు నొప్పిలోనూ నవ్వొచ్చింది. ఆయన తప్పు లేదు, నిజంగానే మళ్లీ బుక్ చెయ్యాలి.

స్కానింగులో ఎల్‌ఫోర్, ఎల్‌ఫైవ్ అనే నడుం దగ్గరి రెండు వెన్నుపూసల మధ్య డిస్కు జరిగి నరాన్ని నొక్కుతోందన్నారు. ఆరు వారాలు మంచం. డాక్టరు గారు కాగితం మీద "బరువులు ఎత్తరాదు" అని రాసి, ఏం పని చేస్తావయ్యా అని అడిగారు. చెప్పాను. ఆయన కాసేపు కాగితం వంకే చూశారు.

ఏజెన్సీ ఓనరు గారు చూడ్డానికి వచ్చారు. మూడు వేలు, యాపిల్ పళ్లు ఇచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. "నువ్వు మన రోల్‌లో లేవయ్యా, లేకపోతే ఇఎస్ఐ ఉండేది" అన్నారు. రోల్ అంటే ఉద్యోగుల జాబితా, ఇఎస్ఐ అంటే కార్మికుల వైద్య బీమా. లేనన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. పంతొమ్మిదేళ్లు చొక్కా జేబు మీద కంపెనీ బొమ్మ వేసుకుని తిరిగినవాణ్ణి, ఎక్కడో నా పేరు రాసి ఉంటుందనుకున్నాను. లేబర్ ఆఫీసుకి వెళ్లాను. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇవ్వాలని 1923 నుంచే చట్టం ఉంది, కాకపోతే ఫలానా వాడి దగ్గర పని చేస్తున్నానని ముందు నేను చూపించాలి. సంచిలోంచి చొక్కా తీసి చూపించాను. అక్కడి గుమస్తా గారు మర్యాదగానే, "చొక్కా ఎవరైనా కుట్టించుకోవచ్చు కదయ్యా" అన్నారు. కుడి భుజం మీద నిమ్మకాయంత కాయ ఉంది, అది చూపిద్దామనుకుని మళ్లీ ఊరుకున్నాను.

అందరూ ఇన్సూరెన్స్ ఉంటుంది కదా అంటారు. ఉంది. గ్యాసు లీకై మంటలొచ్చి మనిషి చనిపోతే ఆయిల్ కంపెనీల బీమా ఆరు లక్షల దాకా ఇస్తుంది. మంచి ఏర్పాటే, వినియోగదారులందరూ తెలుసుకోవాల్సింది కూడా. కానీ దాని లెక్కలో ప్రమాదమంటే గ్యాసు అంటుకోవడం. అదే గ్యాసుని మోస్తూ ఒకడి వెన్ను జారిపోతే అది ఆ లెక్కలోకి రాదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్ష బీమా కూడా ఉంది నాకు. అది ప్రాణం పోతే, కళ్లు, చేతులు, కాళ్లు పోతే ఇస్తారు. నడుం పేరు అందులో లేదు. కాలు ఉంది, కానీ కాలు పూర్తిగా పనికిరాకుండా పోవాలి, మొద్దుబారితే కుదరదు.

మా పెద్దమ్మాయి ఫిజియోథెరపీ చదువుతోంది. అదే ఈ లెక్కలన్నీ తీసి నాకు చెప్పింది. బరువులు మోయడం మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఒక ఒప్పందం చేసిందట, 127వ నంబరు. మన దేశం 2010లో ఒప్పుకుంది. దాంతోపాటు ఇచ్చిన సిఫారసులో మగవాడికి 55 కిలోలు మించకూడదని ఉంది. ఈ లెక్కన మా 30 కిలోలు అందులో సగానికి కాస్త పైన, అంతే, ఎవరూ ఏ తప్పూ చేయనట్టే. కానీ అదే ఒప్పందంలో, పని ఎలాంటి పరిస్థితుల్లో జరుగుతోందో అవన్నీ లెక్కలోకి తీసుకోవాలని కూడా ఉందట. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ ఇంకో లెక్క కట్టింది. సరుకు ఒంటికి దగ్గరగా ఉండి, పట్టు బాగుండి, నడుం తిప్పకుండా, ఎప్పుడో ఒకసారి ఎత్తితే 23 కిలోలు పర్వాలేదట. దూరంగా ఎత్తితే కొంత తగ్గించాలి, వంగితే కొంత, తిరిగితే కొంత, మాటిమాటికీ ఎత్తితే ఇంకొంత. మా అమ్మాయి నా వంటింటి కథ తీసుకుని కాగితం మీద తగ్గిస్తూ పోయింది. సగానికి వచ్చేసరికి "ఇంక చాల్లే నాన్నా" అని పెన్ను మూసేసింది.

పాత ఫ్యాక్టరీల చట్టంలో 34వ సెక్షన్ ఉండేది, దెబ్బ తగిలేంత బరువు ఎవరిచేతా మోయించకూడదని. ఇప్పుడు పాత కార్మిక చట్టాలు చాలావరకు కలిపేసి కోడ్‌లు అనే కొత్త చట్టాలు చేశారు. ఏదైనా సరే, కొండ మెట్లు ఫ్యాక్టరీ కాదు, ఆ అమ్మగారి వంటిల్లూ ఫ్యాక్టరీ కాదు. ఇన్‌స్పెక్టర్ అక్కడికి రాడు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఆధార్ రాసుకుంటారు, బ్యాంకు ఖాతా రాసుకుంటారు. ఆ ఫారంలో ఇంకో గడి పెట్టమనండి: ఆటో ఆగే చోటు నుంచి పొయ్యి దాకా ఎన్ని మెట్లు, లిఫ్టు ఉందా, వాడనిస్తారా. ఆ గడిలో అంకెని బట్టి మోసేవాడికి కూలి కట్టమనండి. దాంతో 50 రూపాయల గొడవ సగం పోతుంది, కొండ లైనులో నిలకడగా మనిషి ఉంటాడు. అంకె కంపెనీ కంప్యూటర్లో పడ్డాక, ఒక్కడి చేత రోజుకి ఎన్ని వందల మెట్లు ఎక్కిస్తున్నారో వాళ్లకే కనబడుతుంది. ఇప్పుడైతే వాళ్లకి కనబడేది ఎన్ని బండలు వెళ్లాయన్నదే.

తేలిక బండలు కూడా వచ్చాయి. ఇనుము కాకుండా ఫైబరుతో చేసిన 10 కిలోల బండలు 2021 నుంచి ఇస్తున్నారు. బరువు ఇనుప బండలో సగం ఉంటుంది, లోపల గ్యాసు ఎంతుందో బయటికే కనబడుతుంది. నేను ఒకసారి ఎత్తి చూశాను, చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టుంది. కానీ డిపాజిట్టు ఎక్కువ, అందుకని అవి వెళ్లేది లిఫ్టులున్న అపార్టుమెంట్లకి. 186 మెట్ల మీదున్న ముసలమ్మ గారికి ఇనుప బండే. ఇది తిరగెయ్యాలని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. చక్రాల ట్రాలీలు కూడా ఇవ్వొచ్చు. ఒక్కో వైపు మూడేసి చక్రాలుండే ట్రాలీ అయితే అపార్టుమెంటు మెట్లు బాగానే ఎక్కుతుంది, ఒక కొరియర్ కుర్రాడి దగ్గర చూశాను. మా కొండ మెట్ల మీద అది పనికిరాదు, అది కూడా చెప్పాలి, లేకపోతే ట్రాలీలు ఇచ్చి పని అయిపోయిందనుకుంటారు.

ప్రతి గోడౌన్‌లోనూ అగ్గిపెట్టె తేవద్దని బోర్డు, ఇసక బక్కెట్లు, మంటలార్పే సిలిండర్లు ఉంటాయి, తనిఖీకి వచ్చినవాళ్లు వాటిని లెక్కపెట్టుకుని వెళ్తారు. పక్కనే ఒక రూళ్ల పుస్తకం కూడా పెట్టమనండి. ఎవడికి ఏ వేలు చితికింది, ఎవడి నడుం పట్టేసింది, ఏ తారీఖున, ఏ లైన్లో, అని రాయడానికి. ఎవడి పేరైనా సరే, రోల్‌లో ఉన్నా లేకపోయినా. నా పేరు అలాంటి పుస్తకంలో ఒక్క పేజీలో ఉన్నా ఆ రోజు లేబర్ ఆఫీసుకి చొక్కా మోసుకెళ్లేవాణ్ణి కాదు.

ఇప్పుడు నేను ఒక జిరాక్స్ షాపులో కూర్చుంటున్నాను. అర్జీలు, ఫారాలు నింపిపెడతాను. గంటకోసారి లేచి నిలబడాలి, ఓనరు ఏమీ అనడు. మా ఇంటికి బండ తెచ్చేది నాతో పని చేసినవాడే. వాడు సందులోకి తిరిగాడని ఆటో చప్పుడుకే తెలుస్తుంది నాకు.

పెద్దాయన గారికి ఒక్క మనవి. ఈసారి మీ బండ వచ్చినప్పుడు ఓటీపీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఖాళీ బండ ముందే గుమ్మం దగ్గరకి జరిపించండి. వంటింట్లో గట్టు ముందు ఉన్నవి పక్కకి తీసి, నేల మీద ఒక పాత గోనెసంచి నాలుగు మడతలు పరిచి ఉంచండి, మీ టైలుకీ మంచిది. వాచ్‌మన్‌తో లిఫ్టు వదలమని మీ కమిటీ పెద్దగా మీరే ఒక మాట చెప్పండి. ఇవి చేశాక 50 రూపాయలు ఇవ్వకండి, ఎవడైనా మొహం మాడిస్తే నాకు చెప్పండి, నేను మాట్లాడతాను.

ఇట్లు,
ఒక మాజీ గ్యాస్ డెలివరీ కార్మికుడు,
విజయవాడ.

(పేరు వెయ్యొద్దని మనవి. మా బామ్మర్ది ఇంకా అదే గోడౌన్‌లో కొండ లైను మీద ఉన్నాడు.)